పట్టుగూటి దారము – గాయమును కప్పు పొర

అనంతపురం మెట్ట ప్రాంతపు రైతునకు పట్టుగూడు క్రొత్త వస్తువు కాదు. హిందూపురం, మడకశిర, లేపాక్షి, పెనుకొండ ప్రాంతములలో వేరుసెనగ చేల నడుమ బోరు క్రింద ఎకరమో, రెండెకరములో మల్బరీ తోట నుంచుకొని, ఏడాది పొడవున విడతలు విడతలుగా పురుగులను పెంచు కుటుంబములు అనేకము కలవు. గూళ్లు హిందూపురం మార్కెట్టుకు పోవును. దారము ధర్మవరం మగ్గములపై చీర యగును. ఈ ఊళ్లన్నియు 2022 ఏప్రిల్ నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి గాని, వాన మాత్రము పాత అనంతపురం లెక్కనే కురియుచున్నది: సాలుకు సుమారు 550 మిల్లీమీటర్లు, అదియు నమ్మకము లేనిది.

పట్టుతో గాయములపై వేయు పలుచని పొరలను, శరీరములో అమర్చు లోహపు ముక్కలపై పూతలను తయారుచేయుచున్నారని ఇటీవల పత్రికలలో తరచు వార్తలు వచ్చుచున్నవి. వీనిని చదివిన రైతులు మమ్ము అడుగు ప్రశ్నలు రెండు. మన గూళ్లు ఆ పనికి వచ్చునా? వచ్చిన యెడల మరి రెండెకరములు మల్బరీ నాటవచ్చునా? మొదటి ప్రశ్నకు వచ్చుననియే సమాధానము. రెండవదానికి వలదని సమాధానము. పట్టుపరిశ్రమ శాఖ వేరుగా నున్నను మల్బరీ కూడ భూమి మీది పంటయే గనుక, బోరు నీటి లెక్క వ్యవసాయ శాఖకు కూడ సంబంధించినదే గనుక, ఈ రెండు సమాధానములకు గల కారణములను ఇచ్చట వివరింపదలచినాము.

గూటిలో నున్నదేమి?

పట్టుపురుగు నాలుగు జ్వరములు దాటి, అయిదవ దశలో కడుపార ఆకు తిని, పండి, చంద్రికకెక్కి రెండు మూడు దినములలో గూడు కట్టును. తలను ఎనిమిది అంకెవలె త్రిప్పుచు అది విడుచు పోగు ఒక్కటిగా కనబడినను నిజమునకు రెండు పోగులు. ఆ రెంటిని ఒక జిగురు అంటిపెట్టుకొని యుండును. లోపలి పోగునకు ఫైబ్రాయిన్ అనియు, పై జిగురునకు సెరిసిన్ అనియు పేర్లు. గూటి పెంకు తూకములో నూటికి 70 నుండి 80 పాళ్లు ఫైబ్రాయిన్, 20 నుండి 30 పాళ్లు సెరిసిన్ ఉండును. ధర్మవరంలో పట్టును సబ్బు, సోడా వేసి ఉడికించి నిగారింపు తెచ్చునప్పుడు పోవునది ఈ జిగురే.

ఫైబ్రాయిన్ ఒక మాంసకృత్తు. మాంసకృత్తులన్నియు పూసల దండవంటివి. చిన్న అణువులు ఒకదానికొకటి తగులుకొని పొడవైన గొలుసుగా నేర్పడును. ఇట్టి గొలుసుకట్టు పదార్థములను పాలిమరులందురు. ప్లాస్టిక్కు మనుష్యుడు చేసిన పాలిమరు. ప్రత్తిలోని సెల్యులోజు, తోళ్లలోని కొల్లాజెను, రొయ్య పెంకులోని కైటిను, పట్టులోని ఫైబ్రాయిన్ ప్రకృతి చేసిన పాలిమరులు. పట్టు దండలో పూసలు చాలవరకు మూడు రకములే: గ్లైసీను, అలనీను, సెరీను. ఇవి చిన్న పూసలు గనుక దండలు ఒకదాని నొకటి ఆనుకొని చీర కుచ్చిళ్లవలె పొందికగా మడతపడును. పట్టు గట్టిదనమునకు, నీటిలో కరుగకుండుటకు ఆ మడతలే కారణము.

పురుగు పొట్టలోని గ్రంథిలో ఈ పదార్థము నూటికి 25–30 పాళ్ల చిక్కదనము గల ద్రవముగా నుండును. మన యింటి వేడిలోనే, ఏ ఆమ్లము లేకుండ, పురుగు దానిని లాగి దారముగా మార్చుచున్నది. ఈ పనిని యంత్రముచే అంత సులభముగా చేయించుట ఇంకను ఎవరికిని చేతకాలేదనియే చెప్పవలెను.

వైద్యులకు పట్టు క్రొత్తదా?

కాదు. క్రీస్తు శకము రెండవ శతాబ్దమునకు చెందిన గాలెన్ అను వైద్యుడు గాయములు కుట్టుటకు పట్టుదారమును పేర్కొన్నాడు. నేటికిని ఆసుపత్రులలో నల్లని పట్టు అల్లికదారముతో కుట్లు వేయుట కలదు. ఆ దారము శరీరములో కరుగని రకముల జాబితాలో చేరినదైనను, లోపల నుండిపోయినచో సుమారు ఒక సంవత్సరములో తన బలమును చాలవరకు కోల్పోవును. శరీరములోని ఎంజైములు మాంసకృత్తును మెల్లమెల్లగా విరుచుటే దీనికి హేతువు. ప్లాస్టిక్కు దారమునకు ఈ గుణము లేదు.

పూర్వము పట్టుకుట్లు వేసినచోట కొందరికి దురదయు వాపును కలిగెడివి. జిగురు పూర్తిగా తీయని పట్టు వలననే ఇది ఎక్కువగా జరుగుచున్నదని తరువాత తేలినది. సెరిసిన్ విడిగా నున్నప్పుడు చర్మమునకు తేమనిచ్చు మంచి వస్తువే. అలంకరణ సామగ్రిలో దానిని వాడుచున్నారు. ఫైబ్రాయిన్‌తో కలిసి శరీరములోనికి పోయినప్పుడే చిక్కు. కావున వైద్యమునకు వాడు పట్టులో మొదటి పని జిగురు తీయుట, రెండవ పని జిగురు తీసితిమని రుజువు చూపుట.

దారము మరల ద్రవమగుట

చీరకు దారము కావలెను. గాయమునకు పొర కావలెను. పొరను చేయుటకు పురుగు పేనిన దారమును మరల కరిగించి, పురుగు పొట్టలో నున్న స్థితికి తీసికొని పోవలెను. ప్రయోగశాలలలో ఎక్కువగా అనుసరించు పద్ధతి ఇట్లుండును.

గూళ్లను కోసి లోపలి ప్యూపాను, పురుగు విడిచిన పొట్టును తీసివేయుదురు. ముక్కలను సోడా నీటిలో అరగంట మరుగనిచ్చి, మంచి నీటిలో పలుమార్లు కడిగి ఆరబెట్టుదురు. మిగిలిన తెల్లని దూదివంటి ఫైబ్రాయిన్‌ను లిథియం బ్రోమైడు అను లవణపు చిక్కని ద్రావణములో వేసి 60 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో సుమారు నాలుగు గంటలుంచగా అది కరగి తేనెరంగు ద్రవమగును. ఒక లీటరు ద్రావణములో ఈ లవణము సుమారు 800 గ్రాములుండును. ఖర్చు ఎక్కడ నున్నదో దీనినిబట్టి తెలియగలదు. తరువాత ఆ ద్రవమును సన్నని రంధ్రములు గల సంచిలో పోసి, శుద్ధజలములో రెండు మూడు దినములుంచి, నీరు మార్చుచుందురు. లవణము బయటికి పోవును, ఫైబ్రాయిన్ సంచిలో నిలుచును. తుదకు నూటికి 6 నుండి 8 పాళ్ల ఫైబ్రాయిన్ గల నీళ్లు మిగులును.

ఈ నీళ్లను పళ్లెములో పోసి ఆరనిచ్చిన గాజువలె స్వచ్ఛమైన పొర యేర్పడును. కాని దానిని నీటిలో వేసిన మరల కరగిపోవును! మిథనాలు అను ద్రవమునుగాని, నీటి ఆవిరినిగాని తగులనిచ్చినప్పుడు లోపలి గొలుసులు ముందు చెప్పిన కుచ్చిళ్లవలె మడతపడి, పొర నీటికి కరగనిదగును. మడతలు ఎక్కువైన కొలది పొర శరీరములో ఎక్కువ కాలము నిలుచును. తక్కువైన త్వరగా అరిగిపోవును. ఇన్ని వారములు నిలువవలెనని ముందుగా నిర్ణయించి అందుకు తగినట్లు పొరను చేయగలుగుట పట్టునకు గల గొప్ప సౌకర్యము.

పీచుమిఠాయి వంటి పని

పళ్లెములో పోసిన పొర గాజురేకువలె నుండును. దానికంటె సన్నని పోగులతో అల్లిన పొర గాయమునకు మేలు. అట్టి పోగులను తీయు పద్ధతిని ఎలక్ట్రోస్పిన్నింగ్ అందురు. దీనికి ఆంటన్ ఫార్మ్‌హాల్స్ అను నతడు 1934లో అమెరికాలో పేటెంటు పొందెను. తిరునాళ్లలో పీచుమిఠాయి బండి చూడని వారుండరు: పంచదార పాకము గిర్రున తిరుగుచు సన్నని రంధ్రముల గుండ పోగులై బయటికి వచ్చును. ఇచ్చట త్రిప్పుటకు బదులు విద్యుత్తు లాగును. ఫైబ్రాయిన్ ద్రావణమును సూదిగల సిరంజిలో నింపి, సూదికి పది ఇరువది వేల వోల్టుల విద్యుత్తు నిచ్చి, జానెడు దూరములో లోహపు పలక నుంచుదురు. సూది కొననున్న బొట్టు సాగి, సాగి, దారిలో తడి ఆరి, కంటికి కనబడని పోగై పలకపై పడును. గంటలకొలది పడగా పలుచని తెల్లని గుడ్డవంటి పొర తయారగును. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయములో డేవిడ్ కాప్లన్ బృందము వారు 2002లో పట్టు ద్రావణమునకు మరియొక పాలిమరును కొద్దిగా చేర్చి నీటితోనే ఇట్టి పోగులు తీయవచ్చునని చూపిరి.

ఈ పోగు ఎంత సన్నము? ఒక మిల్లీమీటరును పది లక్షల భాగములు చేసిన ఒక భాగము నానోమీటరు. తలవెండ్రుక లావు సుమారు 70 వేల నానోమీటర్లు. పట్టుపురుగు తీయు ఒక్కొక్క పోగు సుమారు పది వేలు. సూది నుండి వచ్చు పోగు కొన్ని వందలు మాత్రమే. అనగా పురుగు పోగును పొడుగున ఇరువది ముప్పది చీలికలుగా చీల్చి ప్రక్కప్రక్కన పేర్చినచో ఒక్కొక్క చీలిక వెడల్పు ఎంతయో, ఇది యంత.

ఇంత సన్నము చేయుట వేడుకకు కాదు. మన చర్మము క్రింది కండలో కొల్లాజెను పోగులు ఈ కొలతలోనే వలవలె అల్లుకొని యున్నవి. క్రొత్త చర్మకణము గాయపు అంచు నుండి ముందుకు ప్రాకునపుడు పట్టుకొనుటకు ఆ వల వంటిది కావలెను. పందిరి లేనిచో కాకర తీగ నేలపై ముద్దగా పడియుండును గదా. నానో పోగుల పొర కణములకు పందిరివంటిది. పోగుల నడుమ ఎడములు చాల చిన్నవి గనుక గాలి, నీటి ఆవిరి ప్రసరించును, దుమ్ము చొరదు, సూక్ష్మజీవులు దూరుట కష్టము. గాజుగుడ్డవలె పుండునకు అంటుకొని, విప్పునప్పుడు క్రొత్త చర్మమును ఊడబెరుకదు. ఒక మాట మాత్రము గుర్తుంచుకొనవలెను: ఫైబ్రాయిన్ తనంతట తాను సూక్ష్మజీవులను చంపదు. అందుకొరకు వెండినో, మందునో దానిలో చేర్చుచున్నారు.

లోహములపై పూతయు ఇట్టిదే. విరిగిన యెముకకు వేయు టైటానియం ముక్కను శరీరము పరాయి వస్తువుగా ఎంచును. దానిపై పలుచని ఫైబ్రాయిన్ పొర నుంచినచో కణములు దానిని పట్టుకొని పెరుగునని ప్రయోగశాలలలో చూచినారు. చిల్లిపడిన చెవి కర్ణభేరికి, కంటి నల్లగ్రుడ్డు మీది పారదర్శక పొరకు కూడ పట్టు పొరలను పరీక్షించుచున్నారు. మన దేశములో గౌహతి ఐ.ఐ.టి. వారు అస్సాము ముగా, ఎరి పట్టులతో కూడ ఇట్టి పనులు చేయుచున్నారు.

మనుష్యులపై పరీక్షలు కూడ జరిగినవి. చైనా వైద్యులు 2017లో ప్రకటించిన పరీక్ష నొకదానిని చెప్పవచ్చును. కాలిన గాయములు మొదలగువానికి అతికించుటకై శరీరములో మరియొక చోటి నుండి పలుచగా చర్మమును తీయుదురు. అట్లు తీసినచోట ఏర్పడు గాయముపై ఫైబ్రాయిన్ పొరను కప్పి, 71 మంది రోగులలో వాడుకలోని మరియొక కట్టుతో పోల్చి చూడగా, పట్టు పొర వేసిన గాయములు త్వరగా మానినవి.

ఇంటిలో చేయదగినది, చేయదగనిది

రైతులు జిగురు తీయుటను కంటితో చూడదలచినచో ఇంటనే చూడవచ్చును. ప్యూపా తీసిన 20 ఖాళీ పెంకులను చిన్న త్రాసులో తూచుడు. సుమారు 7 గ్రాములుండును. స్టీలు గిన్నెలో 3 లీటర్ల నీరు పోసి, 6 గ్రాముల సోడాపొడి వేసి, మరుగునప్పుడు పెంకులను వేసి అరగంట ఉంచుడు. అల్యూమినియం పాత్ర పనికిరాదు. సోడా దానిని తినివేయును. నీరు వ్రేళ్లకు జారుడుగా తగులును; అదియే సెరిసిన్. తీసి బాగుగా కడిగి నీడలో ఆరబెట్టి మరల తూచినచో 5 గ్రాములకు కొంచెము పైన మిగులును. గంట, రెండు గంటలు మరిగించిన ఇంకను తెల్లగా నుండును గదా యని కొందరు తలచెదరు. అట్లు చేసిన గొలుసులు తునిగి, ఆ ఫైబ్రాయిన్‌తో చేసిన పొర పెళుసగును.

పాఠశాల పిల్లలకు సయితము పెద్దలు ప్రక్కనుండి దీనిని చూపవచ్చును. ఇంతటితో ఆగవలెను. తరువాతి లవణములు, మిథనాలు విషములు. మిథనాలు కన్నులు పోగొట్టును, ప్రాణము కూడ తీయును.

మరియొక హెచ్చరిక. మన పల్లెలలో కొడవలి తెగినప్పుడు సాలెగూడు పెట్టుట, పసుపు, కాఫీపొడి అద్దుట కలదు. పట్టు గాయమునకు మంచిదని విని గూటి ముక్కను పుండుపై కట్టుకొనువారు కూడ బయలుదేరవచ్చును. గూటిపై పురుగు మూత్రము, చంద్రిక ధూళి, బూజు, జిగురు ఉండును. ఆసుపత్రి పొర వేరు, గూడు వేరు. తెగిన గాయమును మంచి నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి ధనుర్వాతపు టీకా సంగతి చూచుకొనవలెను. చక్కెర వ్యాధి గలవారి కాలిపుండు విషయములో ఒక్క దినము కూడ ఆలస్యము చేయరాదు.

తోట పెంచవలెనా?

ఇచ్చట లెక్క వేసి చూడవలెను. ఒక రైతు 100 రోగరహిత గుడ్లకు 60 కిలోల పచ్చిగూళ్లు తీసెననుకొందము. అందులో పెంకు సుమారు అయిదవ వంతు, అనగా 12 కిలోలు. జిగురు పోగా 9 కిలోల ఫైబ్రాయిన్. నానో పొర చదరపు మీటరునకు 20 గ్రాములు తూగునని అనుకొన్నచో ఈ 9 కిలోలతో 450 చదరపు మీటర్ల పొర యగును. నాలుగంగుళముల చదరపు ముక్కలుగా కోసిన సుమారు 45 వేల గాయములకు సరిపోవును. ఒక్క రైతు, ఒక్క పంట! పనిలో కొంత వృథా పోయినను లెక్క తారుమారు కాదు. రాష్ట్రములోని ఆసుపత్రులన్నియు రేపు పట్టుపొర వాడినను, వారికి కావలసిన గూళ్లు కొలది గ్రామములే ఇవ్వగలవు. పొర ఖరీదులో గూటి భాగము స్వల్పము. లవణము, శుద్ధి, యంత్రములు, పరీక్షలు, అనుమతులు వీనికే సొమ్ము చెల్లును. మన దేశములో ఇట్టి వస్తువులు 2017 నాటి వైద్య పరికరముల నిబంధనల క్రిందికి వచ్చును. లైసెన్సు లేక అమ్మరాదు.

కావున ఈ వార్తను నమ్మి క్రొత్త బోరు వేయరాదు. మన ఎఱ్ఱనేలల క్రింద రాయి యున్నది. నీరు పడునది ఆ రాతి పగుళ్లలో మాత్రమే. ఒక రైతు వందల అడుగులు దిగిన, ప్రక్క రైతు బోరు ఎండుట మన యెదుటనే జరుగుచున్నది. బోరు అప్పు తీరకముందే బోరు ఎండిన కుటుంబములు ఏ ఊరిలో లేవు? ఉన్న తోటకు బిందు సేద్యము పెట్టి, వరుసల నడుమ ఎండు ఆకు, చెత్త కప్పి తేమ నిలుపుకొన్నచో వచ్చు లాభము, లేని మార్కెట్టుకై నాటిన రెండెకరముల వలన రాదు. “ఆసుపత్రి పట్టు” కొందుమని చెప్పి ముందుగా పైకము కట్టించుకొనువారు, ప్రత్యేకమైన గుడ్లు, మందులు అంటగట్టువారు వచ్చినచో, ముందుగా హిందూపురం దగ్గరి కిరికెరలో నున్న రాష్ట్ర పట్టుపరిశ్రమ పరిశోధన, అభివృద్ధి సంస్థ వారినిగాని, మీ పట్టుపరిశ్రమ శాఖాధికారినిగాని విచారింపవలెను.

అట్లయిన రైతునకు ఇందులో ఏమియు లేదా? ఉన్నది. అది తీసివేత గూళ్లలో నున్నది.

తీసివేత గూళ్లు

రీలరు మంచి గూటికి ధర యిచ్చుటకు కారణము దారము తెగకుండ నడుచుట. ద్విసంతతి గూటిలో పోగు వెయ్యి మీటర్ల వరకు నడుచును. రెండు పురుగులు కలిసి కట్టిన జంటగూడు, చిమ్మట తొలిచిన చిల్లుగూడు, పలుచగూడు దారము సరిగా నడవదు గనుక చౌకగా పోవును. పొర చేయువానికి ఆ దారపు పొడవుతో పని లేదు! ఎట్లయినను కోసి కరిగించునదే. అతడు కోరునది ఫైబ్రాయిన్ గొలుసు తునుగకుండుట, గూడు శుభ్రముగా నుండుట. జంటగూడు అతనికి మంచి గూడే. వెనుక చెప్పిన 60 కిలోలలో 3 కిలోలు ఇట్టివి తేలినవనుకొన్నను, వానినుండి రెండువేలకు పైగా ముక్కలు వచ్చును.

అయితే తీసివేత గూళ్లన్నియు ఒక్కటి కావు. లోపల పురుగు చచ్చి కుళ్లినవి, గ్రాసరీ సోకి కరగి నల్లబడినవి, ఊజీ ఈగ పురుగు తొలుచుకొని బయటపడినవి, బూజు పట్టినవి ఏ వైద్యపు పనికిని రావు. నేడు మన యిండ్లలో ఇవన్నియు ఒకే గోతములో పడుచున్నవి. ఒక కుళ్లిన గూడు రసము కారి పది మంచి జంటగూళ్లను పాడుచేయును. ఆ గోతమును చూచిన కొనుగోలుదారు అన్నింటికి కుళ్లిన గూటి ధరయే కట్టును. అతనిని తప్పుపట్టుటకు లేదు.

శుభ్రత చంద్రిక దగ్గర మొదలగును. పురుగు గూడు కట్టబోవు ముందు కడుపులోని మలమును, మూత్రమును విడుచును. చదరపు అడుగుకు 40–50 పురుగులకు మించి వదలినచో ఒకదాని మూత్రము మరియొకదాని గూటిపై పడి మచ్చ యగును, జంటగూళ్లును ఎక్కువగును. చంద్రిక క్రింద పాత కాగితములు పరచి, మరునాడు తడిసినవానిని తీసివేయవలెను. గాలి ఆడవలెను గాని, మన ప్రాంతపు ఈదురుగాలి నేరుగా తగులరాదు. 24–25 డిగ్రీల వేడి, నూటికి 60–65 పాళ్ల తేమ మంచిది. వేసవిలో ఈ కొలతలు నిలుపుట మన రేకుల షెడ్లలో కష్టమే. పైకప్పుపై చెరకు ఆకో, కొబ్బరి మట్టలో వేసి తడిపినచో కొంత దిగును. రోగపు పురుగులను చంద్రికకు ఎక్కించనే రాదు.

సంకరజాతి గూళ్లను అయిదవ దినమున, ద్విసంతతి గూళ్లను ఆరు ఏడు దినములకు కోయవలెను. ముందుగా కోసినచో ప్యూపా మెత్తగా నుండి చిట్లి గూడు లోపల మరకపడును. కోసిన నాడే నాలుగు గంపలు దగ్గర నుంచుకొని ఏరవలెను: రీలింగు గూళ్లు ఒకదానిలో, శుభ్రమైన జంటగూళ్లు, పలుచగూళ్లు రెండవదానిలో, పైన మచ్చ గలవి మూడవదానిలో, చచ్చినవి, కరిగినవి నాలుగవదానిలో. నాలుగవ గంపను ఇంటికి దూరముగా గోతిలో వేసి సున్నము చల్లి పూడ్చుట మేలు; రోగము మరుసటి పంటకు అంటకుండును.

రెండవ గంపలోని గూళ్లను అట్లే ఉంచినచో పది పన్నెండు దినములలో చిమ్మట బయటపడును. అది నోటి రసముతో గూటిని తడిపి తొలుచుకొని వచ్చి, వచ్చిన వెంటనే గోధుమరంగు మలమును విడుచును. కావున బ్లేడుతో గూటి కొనను జాగ్రత్తగా కోసి, ప్యూపాను, పొట్టును దులిపివేయవలెను. ప్యూపా చితికిన నూనె మరక పడును, ఆ మరక సోడాకు కూడ లొంగదు. ప్యూపాలు కోళ్లకు మంచి మేత. ఈ పని ఆడవారు, ముసలివారు నీడన కూర్చుండి చేయదగినది. ఖాళీ పెంకులను ఎండలో కాక నీడలో ఆరబెట్టవలెను. తీవ్రమైన ఎండ పట్టును పసుపుపచ్చ చేసి బలము తగ్గించును. తరువాత శుభ్రమైన నూలు సంచిలో కట్టి, నేలకు తగులకుండ వ్రేలాడదీయవలెను. ఎరువుల గోతములు, పురుగుమందుల సంచులు ఎంత ఉదికినను దీనికి వాడరాదు. సంచులను నెలకొకసారి విప్పి చూడవలెను; ప్యూపా తునకలు మిగిలినచో వానికై చిన్న నల్లని పెంకు పురుగులు చేరి గూళ్లను కొరుకును.

సంచికి ఒక చీటీ కట్టవలెను. దానిపై పురుగు జాతి, గుడ్లు పొదిగిన తేది, గూళ్లు కోసిన తేది, తోటపై ఆ పంటకాలములో చల్లిన మందు పేరు, చల్లిన తేది వ్రాయవలెను. ప్రక్క చేనిలో వేరుసెనగకో, మిరపకో చల్లిన మందు గాలికి మన ఆకుపై పడినచో అదియు వ్రాయవలసినదే. అట్టి ఆకు తిన్న పురుగులు చాలవరకు చచ్చును. బ్రతికినవాని గూళ్లు ఈ సంచిలో చేర్చరాదు. రీలరు ఈ చీటీని అడుగడు. వైద్య వస్తువులు చేయువారు మొట్టమొదట అడుగునది ఇదియే. ఎందుకనగా వారు తమ పొరలో ఏమున్నదో, ఏమి లేదో పరీక్షించువారికి కాగితముపై చూపవలసి యుండును. ఒక జాతి గూళ్లు ఒక్కచోట చాలినన్ని కావలెను గనుక ఒంటరి రైతు మూడు కిలోల సంచితో ఎవరి వద్దకు పోయినను ప్రయోజనముండదు. ఒకే చాకీ కేంద్రము నుండి ఒకే జాతి పురుగులను తెచ్చుకొను ఇరువది ముప్పది కుటుంబములు కలిసి, తమ రెండవ గంపలను ఒక్కచోట చేర్చి, చీటీలతో సహా కిరికెర సంస్థకు ముందుగా నమూనా చూపుట సరియైన పద్ధతి. కొనువారు దొరకు వరకు ఆ పెంకులను తీసివేత పట్టు కొను వర్తకునికే అమ్ముకొనవచ్చును. శుభ్రముగా ఏరిన సరకును, కుళ్లినవి కలిసిన గోతమును ప్రక్కప్రక్కన పెట్టి రెంటికి వేరువేరుగా ధర చెప్పుమని అడిగి చూడవలెను.